ఫండింగ్ ఆగినంక ఆ టూల్‌ని ఎవరు చూస్కుంటరు? ఎంబెడెడ్ రంగంల ఓపెన్ సోర్స్ రీసెర్చ్ ప్రాజెక్టుల సంగతి

కాజీపేట జంక్షన్ చుట్టుపక్కల పెరిగినోళ్లకు కవచ్ పేరు కొత్తేం కాదు. డ్రైవర్ రెడ్ సిగ్నల్ దాటబోతే దానంతట అదే బ్రేక్ వేసే సిస్టమ్, రెండు రైళ్లు ఒకే పట్టా మీద ఎదురుపడకుండా ఆపేది. రైల్వే రీసెర్చ్ సంస్థ ఆర్‌డీఎస్‌ఓ డిజైన్ చేసింది, 2020 జులైల దేశం మొత్తానికి ఇదే అని ఒప్పుకున్నరు, పెద్దఎత్తున మొదట వేసింది మన సౌత్ సెంట్రల్ రైల్వేలనే, 1,465 కిలోమీటర్ల రూటు మీద. మొదట్ల దాన్ని తయారుచేసిన కంపెనీలు మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్‌వే. అందుకే కవచ్ గురించి వార్త వచ్చినప్పుడల్లా ఇక్కడ ఈసీఈ, ఈఈఈ, సీఎస్‌ఈ చదివే పిల్లల మధ్య కొన్ని ప్రశ్నలు మళ్ల మళ్ల వస్తయి: యూరప్‌ల రైలు సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి, మార్చి, వాడుకునేటట్టు) చేసిన్రంట గదా, మరి మనదెందుకు చెయ్యలే? గవర్నమెంట్ పైసలతోటి తయారైన టూల్ అందరికీ ఫ్రీగ ఎందుకు దొరకదు? ఓపెన్ అని చెప్పిన ప్రాసెసర్‌కి పనిచేద్దామంటే మధ్యల ఎవరిదో లైసెన్స్ ఎందుకు అడ్డమొచ్చింది?

ఇవి మూడు వేరు వేరు ప్రశ్నలు, కానీ అన్నీ ఒక్క చోటికే పోతయి. కంపెనీలు, యూనివర్సిటీలు, ప్రభుత్వాలు కలిసి మూడు నాలుగేండ్లు పనిచేసి ఒక టూల్ తయారుచేస్తయి, కోడ్ బయట పెడతయి, ఆ తర్వాత దానికేమైతది? ఈ రంగంల అసలు కీలకం అదే అని నాకనిపిస్తది, ఎందుకంటే కోడ్ బయట పెట్టుడు ఒక్కరోజు పని, దాన్ని ఇరవై ఏండ్లు బతికించుడు వేరే పని.

బోరు మోటారు స్టార్టర్ చేయాలంటే ఎన్ని టూల్స్ కావాలె

ఎంబెడెడ్ సిస్టమ్ అంటే ఒక వస్తువు లోపల కూసోని ఒక్క పని మాత్రం చేసే చిన్న కంప్యూటర్. వాషింగ్ మెషిన్ల, కార్ బ్రేకుల, రైలింజన్ల, కరెంట్ మీటర్ల ఉండేది అదే. మనకు దగ్గరి ఉదాహరణ తీసుకుందాం, పొలం కాడ బోరు మోటారుకు పెట్టే మొబైల్ స్టార్టర్. ఇంటి నుంచి ఫోన్ చేస్తే మోటారు ఆన్ అయితది, మూడు ఫేజుల్ల ఒకటి పోతే వెంటనే ఆపేస్తది, లేకపోతే వైండింగ్ కాలిపోతది.

హన్మకొండల నలుగురు పిల్లలు దీన్ని తయారుచేస్తున్నరనుకుందాం. ముందు బోర్డు గీయాలె, దానికి కైక్యాడ్ ఉంది. 1992ల ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ల ఒక టీచర్ మొదలుపెట్టిండు, 2013 నుంచి సెర్న్ ల్యాబ్ తన ఇంజనీర్లతోటి దానికి పనిచేయించింది. తర్వాత సీ ల రాసిన కోడ్‌ని చిప్ భాషలకు మార్చేటందుకు కంపైలర్ కావాలె, అది జీసీసీ. చిప్‌లకు ఎక్కించేటందుకు, లోపల ఏం నడుస్తుందో ఆపి చూసేటందుకు ఓపెన్‌ఓసీడీ, జీడీబీ. ఈ ఓపెన్‌ఓసీడీ 2005ల జర్మనీ ఆగ్స్‌బర్గ్‌ల ఒక విద్యార్థి చేసిన డిప్లొమా థీసిస్, ఇయ్యాళ ప్రపంచమంతా దాన్నే వాడుతున్నరు. ఒకటికన్న ఎక్కువ పనులు ఒకేసారి నడవాలంటే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ కావాలె, ఫ్రీఆర్‌టాస్ గానీ, 2016ల లైనక్స్ ఫౌండేషన్ కిందికి వచ్చిన జెఫిర్ గానీ. బోర్డు చేతికి రాకముందే కోడ్ నడిపి చూడాలంటే రెనోడ్ లాంటి సిమ్యులేటర్.

మన కాలేజీ ల్యాబుల్ల ఎక్కువ కనిపించేది కీల్ అనే కమర్షియల్ టూల్. దాని లైట్ అనే ఫ్రీ వెర్షన్‌ల ఆర్మ్ చిప్పులకు కోడ్ 32 కిలోబైట్లు దాటితే కంపైల్ కాదు, ల్యాబ్ ప్రోగ్రామ్‌కు అది సరిపోతది కానీ నిజం ప్రొడక్ట్‌కు సరిపోదు, అక్కడి నుంచి లైసెన్స్ కొనాలె. స్టార్టర్ లాంటి చిన్న పనికి ఓపెన్ టూల్స్ తోటి మొదటి నుంచి చివరిదాంక పోవచ్చు. చిక్కు దీని పైస్థాయిల వస్తది, అక్కడనే కంపెనీలు, యూనివర్సిటీలు గుంపు కట్టి చేసే ఈ కన్సార్టియం ప్రాజెక్టులు పుట్టినయి.

టైమ్ సరిపోతదా అన్న లెక్క చేత్తోటి చేస్తే

మన స్టార్టర్ లోపల మూడు పనులున్నయి అనుకుందాం. కరెంట్ కొలిచే పని 10 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తది, చేసేటందుకు 2 మిల్లీసెకన్లు పడుతది. జీఎస్‌ఎం మాడ్యూల్ (ఫోన్ సిగ్నల్ అందుకునే భాగం) తోటి మాట్లాడే పని 100కి ఒకసారి, 30 పడుతది. డిస్‌ప్లే పని 200కి ఒకసారి, 40 పడుతది. తొందరగ వచ్చే పనికి ఎక్కువ ప్రయారిటీ. ప్రాసెసర్ ఎంత నిండింది? 2/10 అంటే 20 శాతం, 30/100 అంటే 30 శాతం, 40/200 అంటే 20 శాతం, మొత్తం 70 శాతం. 1973ల లియూ, లేలాండ్ అనే ఇద్దరు ఇచ్చిన సూత్రం ప్రకారం మూడు పనులుంటే 78 శాతం లోపల ఉన్నంతసేపు ఏ పనీ లేటు కాదు. కాబట్టి భద్రంగ ఉంది.

ఇప్పుడు కంపెనీ వాళ్లొచ్చి రికార్డ్ దాచే పని కూడా కావాలన్నరు, 500కి ఒకసారి, 75 పడుతది. మొత్తం 85 శాతం అయ్యింది. నాలుగు పనులకు ఆ సూత్రం హద్దు 75.7 శాతమే, మనం దాటినం. దాటినంత మాత్రాన ఫెయిల్ అని కాదు, ఆ సూత్రం ఇగ ఏం చెప్పలేదు, అంతే. అప్పుడు లోతుగ లెక్క చేయాలె. కొత్త పని అన్నిటికన్న కిందిది, పైమూడు పనులు ఎప్పుడొచ్చినా ఇది ఆగాలె. ముందు తన 75కి పైవాటి ఒక్కో వంతు 40, 30, 2 కలిపితే 147. కానీ ఆ 147 మిల్లీసెకన్లల్ల కరెంట్ పని 15 సార్లు, జీఎస్‌ఎం పని 2 సార్లు, డిస్‌ప్లే పని ఒకసారి వస్తయి గదా, మళ్ల లెక్కేస్తే 205. ఆ 205ల ఇంకా కొన్ని వస్తయి, 287. అట్లనే పోతే 303, 337, 343, 345, మళ్ల 345. ఆగింది. 500 లోపలనే ఉంది, సరిపోతది.

ఇగ పొలం కాడ సిగ్నల్ మంచిగ లేదు, జీఎస్‌ఎం పనికి 30కి బదులు 45 పడుతుంది అనుకుందాం. మొత్తం కలిపితే సరిగ్గ 100 శాతం. కాగితం మీద చూస్తే సరిపోయినట్టే కొడుతది. అదే లెక్క మళ్ల చేస్తే 162, 239, 338, 403, 502. గడువు 500 దాటింది, రికార్డ్ దాచే పని లేటయ్యింది. మోటారు స్టార్టర్‌ల లేటైతే ఒక లైన్ రికార్డ్ పోతది, కార్ బ్రేక్ కంట్రోలర్‌ల అట్లయితే ప్రాణం మీదికి వస్తది.

నాలుగు పనులకే ఇంత లెక్క. ఒక కారు ఇంజన్ కంట్రోలర్‌ల వందల పనులుంటయి, అవి రెండు మూడు కోర్ల (ఒకే చిప్ లోపలి వేరు వేరు ప్రాసెసర్ల) మీద నడుస్తయి, ఏ పని ఏ కోర్ మీద వేయాలె, రెండు కోర్లు ఒకే మెమరీ కోసం కొట్లాడితే ఎంత ఆలస్యం, ఇవన్నీ చేత్తోటి అయ్యేటివి కావు. ఇట్లాంటి లెక్కలు చేసే టూల్స్‌ల ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ యూనివర్సిటీ తెచ్చిన చెడ్డార్ ఒకటి. కారు విడిభాగాలు చేసే బాష్ కంపెనీ ముందు నిలబడి నడిపిన అమాల్థియా ప్రాజెక్ట్ నుంచి వచ్చిన యాప్‌4ఎంసీ ఇంకోటి.

పోటీ కంపెనీలు ఒక్క టేబుల్ కాడ ఎందుకు కూసుంటయి

ఇది చాలామందికి అర్థం గాదు. బాష్ తన పోటీదారులతోటి కలిసి టూల్ చేసి, కోడ్ బయట పెడితే దానికేం లాభం? కారు కొనేటోడు ఇంజన్ కంట్రోలర్ ఏ టూల్ తోటి డిజైన్ చేసిన్రు అని ఎవ్వడూ అడగడు. అంటే అమ్మకంల తేడా తెచ్చేది టూల్ కాదు, దాంతోటి చేసిన వస్తువు. కానీ టూల్స్ వేరు వేరుగ ఉంటే ఖర్చు మాత్రం అందరికీ పడుతది. కారు కంపెనీ ఒక ఫార్మాట్‌ల డిజైన్ పంపుతది, సప్లయర్ దగ్గర ఇంకో టూల్, చిప్ తయారుచేసేటోళ్ల దగ్గర మూడోది, ఒకదాంట్ల నుంచి ఇంకోదాంట్లకు మార్చుకుంటనే నెలలు పోతయి. అమాల్థియా 2011 నుంచి 2014 దాంక నడిచింది, దాని తర్వాతి భాగం 2014 నుంచి 2017 దాంక. అందులనుంచి వచ్చిన అసలు విలువ నా లెక్కల స్క్రీన్ మీద కనిపించే టూల్ కన్న, లోపల ఉన్న ఆ ఉమ్మడి మోడల్ ఫార్మాట్. పనులేంది, కోర్లేంది, మెమరీ ఏంది అన్నది అందరూ ఒక్క తీరుగ రాసుకునే పద్ధతి.

విమానాల దగ్గర కారణం ఇంకోటుంది. ఒక విమానం మోడల్ డిజైన్ మొదలైనప్పటి నుంచి చివరి విమానం మూలకు పడేదాంక నలభై యాభై ఏండ్లు పడుతది. అన్నేండ్లు ఆ సాఫ్ట్‌వేర్‌ని రిపేర్ చేసుకుంటనే ఉండాలె. టూల్ అమ్మిన కంపెనీ అన్నేండ్లు ఉంటదని ఎవరూ గ్యారంటీ ఇయ్యరు, మునగొచ్చు, ఇంకొకరు కొనొచ్చు, పాత వెర్షన్ ఆపేయొచ్చు. ఎయిర్‌బస్ ముందుండి తూలూజ్‌ల నడిపిన టాప్‌కేస్డ్ ప్రాజెక్ట్ పుట్టింది ఈ భయం నుంచే. కోడ్ చేతిల ఉంటే ఎవరో ఒకరికి పైసలిచ్చి నడిపించుకోవచ్చు గదా అన్నది వాళ్ల లెక్క.

పైసలు ఎట్లొస్తయి, ఎప్పుడు ఆగుతయి

యూరప్‌ల ఇట్లాంటి ప్రాజెక్టులకు ఒక తీరు ఉంది. కొన్ని దేశాల నుంచి కంపెనీలు, యూనివర్సిటీలు, రీసెర్చ్ ల్యాబులు కలిసి కన్సార్టియం అయితయి. ఐటీఈఏ అని 1998ల మొదలైన ప్రోగ్రామ్ ఉంది, దాంట్ల ఏ దేశం తన పార్ట్‌నర్లకు అదే పైసలిస్తది. హొరైజన్ యూరప్ లాంటి దాంట్ల డబ్బు నేరుగ యూరోపియన్ యూనియన్ నుంచి వస్తది, రీసెర్చ్ రకం ప్రాజెక్టుకైతే ఖర్చు మొత్తం 100 శాతం దాంక ఇస్తరు, మార్కెట్‌కు దగ్గరున్న రకమైతే లాభాల కోసం నడిచే కంపెనీలకు 70 శాతం దాంక.

ప్రాజెక్టుని వర్క్ ప్యాకేజీలుగ విడగొడతరు. ఒకటి అవసరాలు రాసుకునేటందుకు, ఒకటి రెండు టూల్ తయారీకి, ఒకటి నిజం ఇండస్ట్రీ ఉదాహరణ మీద నడిపి చూసేటందుకు, ఒకటి ప్రచారానికి, ఒకటి మేనేజ్‌మెంట్‌కి. ప్రతి దాంట్ల డెలివరబుల్స్ (అప్పజెప్పాల్సిన రిపోర్టులు, కోడ్) ఉంటయి, తారీఖుకు ఇయ్యాలె, రివ్యూవర్లు చూస్తరు.

ఉట్టి లెక్క ఒకటి చేద్దాం, ఇది నిజం ప్రాజెక్ట్ కాదు. పది పార్ట్‌నర్లు, మూడేండ్లు, మొత్తం 360 మనిషి-నెలల పని. అంటే సగటున పదిమంది పూర్తికాలం పనిచేసినట్టు. టూల్ కోడ్‌కు అందులనుంచి 120 మనిషి-నెలలు పోయినయి అనుకుందాం. ముప్పై ఆరో నెల చివరి రోజున ఆ పదిమందికి ఈ టూల్ కోసం జీతమిచ్చే ఖాతా మూతపడుతది. పీహెచ్‌డీ పిల్లలు డిగ్రీ తీసుకోని పోతరు, కంపెనీ ఇంజనీర్లు వేరే ప్రాజెక్టుకు మారుతరు. కోడ్ మాత్రం ఉంటది. కానీ కింద ఉన్న జావా వెర్షన్ మారుతది, ఆపరేటింగ్ సిస్టమ్ మారుతది, ఏ ఫీచర్ కలపకున్నా కూడ ఉన్నది ఉన్నట్టు నడవాలంటే ఏడాదికి కొన్ని మనిషి-నెలలు పడుతయి. ఆ కొన్ని నెలలు ఏ బడ్జెట్‌లనూ ఉండయి. రీసెర్చ్ ఫండ్ ఇచ్చేటోళ్లు కొత్తదానికి ఇస్తరు, పాతదాన్ని తుడిచి పెట్టేటందుకు ఇయ్యరు. ఇది ఎవరి తప్పని చెప్పుడు కష్టం, ఆ డబ్బుల పద్ధతే అట్ల ఉంది.

రైలు సాఫ్ట్‌వేర్‌ని తెరవబోయిన ఓపెన్‌ఈటీసీఎస్

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. యూరప్‌ల మన కవచ్ లాంటి పని చేసేది ఈటీసీఎస్. దాని స్పెసిఫికేషన్ (స్పెక్, అంటే సిస్టమ్ ఏమేం చేయాలో చెప్పే రాత) అందరికీ దొరుకుతది, కానీ అది మామూలు ఇంగ్లిషుల రాసిన వందల పేజీలు. ఒక వాక్యాన్ని ఒక కంపెనీ ఒక తీరుగ, ఇంకో కంపెనీ ఇంకో తీరుగ అర్థం చేసుకుంటే ఒకరి ఇంజన్ల పెట్టిన డబ్బా ఇంకొకరి ట్రాక్ మీద సరిగ్గ నడవకపోవచ్చు. 2012ల జర్మన్ రైల్వే డీబీ ముందుండి ఐటీఈఏ కింద ఓపెన్‌ఈటీసీఎస్ మొదలుపెట్టింది. ఆ ఇంగ్లిషు పేజీలని కంప్యూటర్ పరీక్షించగలిగే మోడల్‌గ మార్చాలె, దాంట్లనుంచి ఇంజన్ లోపలి సాఫ్ట్‌వేర్ రావాలె, మోడల్, కోడ్, సరిగ్గుందని నిరూపించే రుజువులు, వాటిని తయారుచేసిన టూల్స్, నాలుగూ ఓపెన్‌గ ఉండాలె అన్నది ఆశ. యూరప్ వాళ్ల ఈయూపీఎల్ లైసెన్స్ కింద పెట్టిన్రు. 2015ల ప్రాజెక్ట్ ముగిసింది.

మోడల్స్ బయటికొచ్చినయి, చదివి నేర్చుకోవచ్చు. సిస్టమ్ స్థాయి బొమ్మలకు ఓపెన్ టూల్ పాపిరస్ వాడిన్రు, కానీ సాఫ్ట్‌వేర్ మోడల్‌కి వచ్చేసరికి స్కేడ్ అనే కమర్షియల్ టూల్ తీసుకున్నరు. ఎందుకంటే మోడల్ నుంచి కోడ్ తీసే స్కేడ్ కోడ్ జనరేటర్‌కి రైల్వే, విమాన రంగాల్ల వాడేటందుకు కావాల్సిన క్వాలిఫికేషన్ కాగితాలు ముందే ఉన్నయి, ఓపెన్ టూల్స్‌కి ఆ టైమ్‌ల అంత పక్కాగ లేవు. ఫలితం ఏందంటే మోడల్ ఓపెన్, దాన్ని తెరిచి మార్చి కోడ్ తీయాలంటే మాత్రం లైసెన్స్ కొనాలె. మోసమేం లేదు ఇందుల, మూడేండ్లల్ల ఏదన్న ఒకటి చూపించాలన్న ఒత్తిడిల తీసుకున్న నిర్ణయం.

ఇదే సంగతి మన ఇంటి దగ్గర కూడ జరిగింది. ఐఐటీ మద్రాస్ వాళ్ల శక్తి ప్రాసెసర్ ఆర్‌ఐఎస్‌సీ-ఫైవ్ అనే ఓపెన్ ప్రాసెసర్ ప్రమాణం మీద కట్టింది, కోడ్ బీఎస్‌డీ లైసెన్స్ కింద ఎవరైనా తీసుకోవచ్చు. కానీ అది బ్లూస్పెక్ భాషల రాసింది, ఆ భాష కంపైలర్ 2020 దాంక కమర్షియల్. సోర్స్ మీ ముందున్నా, మార్చి మళ్ల బిల్డ్ చేయాలంటే ఆ కంపైలర్ దగ్గర ఆగాలె. 2020ల ఆ కంపైలర్‌ని కూడ ఓపెన్ చేసినంకనే దారి పూర్తిగ తెరుచుకుంది.

కవచ్ ఎక్కడ నిలబడుతది? దాని స్పెసిఫికేషన్ ఆర్‌డీఎస్‌ఓది, ఒక కంపెనీ ఇంజన్ డబ్బా ఇంకో కంపెనీ ట్రాక్ సామాను తోటి మాట్లాడాలన్నది దాంట్లనే రాసి ఉంది, 2024 జులైల 4.0 వెర్షన్‌కి ఆమోదం వచ్చింది. ఉమ్మడిగ ఉన్నది ఆ స్పెక్. లోపలి కోడ్ ఎవరి కంపెనీది వాళ్లదే. స్పెక్ ఒక్కటుండుడు వేరు, కోడ్ ఓపెన్‌గ ఉండుడు వేరు, రెండింటినీ కలిపేస్తే ఈ చర్చ ఎప్పటికీ తెగదు.

లైసెన్స్ దగ్గర ఎక్కువమంది తడబడే చోట్లు

జీసీసీ తోటి కంపైల్ చేస్తే మన ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే కోడ్) కూడ జీపీఎల్, అంటే పంచితే సోర్స్ కూడ ఇయ్యాలనే లైసెన్స్ కిందికి వస్తదా? కాదు. కంపైలర్ జీపీఎల్ కింద ఉన్నా, అది మన కోడ్‌ల కలిపే చిన్న లైబ్రరీ ముక్కలకు ప్రత్యేకంగ మినహాయింపు ఇచ్చిన్రు, మన కోడ్ మనిష్టం. కానీ జీపీఎల్ కింద ఉన్న డ్రైవర్ కోడ్‌ని తెచ్చి మన స్టార్టర్ ఫర్మ్‌వేర్‌ల కలిపి వెయ్యి డబ్బాలు అమ్మితే అప్పుడు కొన్నోళ్లకు సోర్స్ ఇయ్యాల్సి వస్తది. ఫ్రీఆర్‌టాస్ 2017 నుంచి అమెజాన్ చేతిల ఉంది, ఎంఐటీ లైసెన్స్, జెఫిర్ అపాచీ లైసెన్స్, వీటికి ఆ షరతు లేదు. ఎక్లిప్స్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ నుంచి వచ్చే టూల్స్ ఎక్కువగ ఈపీఎల్ కింద ఉంటయి, టూల్‌ని మార్చి పంచితే ఆ మార్పుల సోర్స్ చూపాలె, దాని పక్కన మనం విడిగ రాసిన ప్లగిన్‌ని అమ్ముకోవచ్చు. కంపెనీలు ఈపీఎల్‌ని ఇష్టపడేది అందుకే.

కోడ్ కనిపిస్తది కాబట్టి ఓపెన్ సోర్స్ అనుకునుడు ఇంకో తప్పు. కాంప్‌సర్ట్ అని ఫ్రాన్స్ ప్రభుత్వ రీసెర్చ్ సంస్థ ఇన్రియా నుంచి వచ్చిన సీ కంపైలర్ ఉంది, అది మన కోడ్ అర్థాన్ని చెడగొట్టదని గణితంతోటి, కంప్యూటర్ తనిఖీ చేసిన రుజువుతోటి చూపించిన్రు, అద్భుతమైన పని. సోర్స్ చదువుకోవచ్చు, రీసెర్చ్‌కి వాడుకోవచ్చు. ప్రొడక్ట్‌ల వాడాలంటే మాత్రం యాబ్స్‌ఇంట్ కంపెనీ దగ్గర లైసెన్స్ తీసుకోవాలె.

సర్టిఫికెట్ ఎవరిస్తరు, ఎవరు కట్టాలె

భద్రత స్టాండర్డులు ఒక్కో రంగానికి ఒక్కోటి: రైళ్ల సాఫ్ట్‌వేర్‌కి ఈఎన్ 50128 (2023ల దాని స్థానంల ఈఎన్ 50716 వచ్చింది), కార్లకు ఐఎస్‌ఓ 26262, విమానాలకు డీఓ-178సీ. ఇవి సాఫ్ట్‌వేర్‌ని మాత్రమే కాదు, దాన్ని చేసిన టూల్‌ని కూడ ప్రశ్నిస్తయి. రైల్వే స్టాండర్డ్‌ల టూల్స్ మూడు రకాలు. టీ1 అంటే టెక్స్ట్ ఎడిటర్ లాంటిది, దాంట్ల తప్పున్నా నేరుగ ఇంజన్ల నడిచే కోడ్‌లకు పోదు. టీ2 అంటే టెస్టింగ్ టూల్, అది కొత్త తప్పు తేదు కానీ ఉన్న తప్పుని పట్టకపోవచ్చు. టీ3 అంటే కంపైలర్, కోడ్ జనరేటర్ లాంటివి, వాటి తప్పు తిన్నగ రైలెక్కుతది. టీ3కి అడిగే కాగితాలు, పరీక్షలు చాలా ఎక్కువ.

ఓపెన్ సోర్స్ టూల్‌ని ఏ స్టాండర్డూ వద్దనదు. రుజువులు అడుగుతది, అంతే. కమర్షియల్ కంపెనీ ఆ రుజువుల కట్టని టూల్ తోటి పాటు అమ్ముతది. ఓపెన్ టూల్‌కి ఆ కట్ట తయారుచేసి పెట్టేటోళ్లు ఎవరు? చేసినా, టూల్ కొత్త వెర్షన్ వస్తే మళ్ల చేయాలె. అందుకే మోడల్ గీసే దగ్గర, టైమ్ లెక్కలు చేసే దగ్గర ఓపెన్ టూల్స్ బాగ నిలబడ్డయి, చివరి కోడ్ పుట్టే దగ్గర చాలాచోట్ల కమర్షియల్ టూల్సే ఉన్నయి.

మూడేండ్ల తర్వాత బతికినయి, బతకనియి

కపెల్లా బతికింది. ఇది థేల్స్ కంపెనీ లోపల తన ఇంజనీర్ల కోసం చేసుకున్న టూల్, విమానాలు, ఉపగ్రహాలు లాంటి పెద్ద సిస్టమ్స్‌ని ఆర్కాడియా అనే పద్ధతిల గీసుకునేటందుకు. 2014ల క్లారిటీ అనే ఫ్రెంచ్ ప్రాజెక్ట్ ద్వారా దాన్ని ఓపెన్ చేసిన్రు. ఫండింగ్ ముందే దానికి రోజూ వాడేటోళ్లు ఉన్నరు, థేల్స్ అవసరం రేపటికి పోయేది కాదు, పైగ ఓబియో లాంటి కంపెనీలు దాని చుట్టు ట్రైనింగ్, సపోర్ట్, ఎక్స్‌ట్రా భాగాలు అమ్ముకోని బతుకుతున్నయి.

టాప్‌కేస్డ్ ఆ పేరుతోటి ఇప్పుడు లేదు. కానీ వృథా అయ్యిందనుడు అన్యాయం. దాంట్ల పనిచేసిన మనుషులు, నేర్చుకున్న సంగతులు ఎక్లిప్స్ కింద పోలార్‌సిస్ అనే గుంపులకు పోయినయి, బొమ్మలు గీసే పని పాపిరస్ అందుకుంది. పేరు పోయి పని మిగిలింది.

చిప్ డిజైన్ దిక్కు చూస్తే, అమెరికా డిఫెన్స్ రీసెర్చ్ సంస్థ డార్పా ఫండింగ్ తోటి 2018ల కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డీగో క్యాంపస్ ముందుండి ఓపెన్‌రోడ్ మొదలైంది, మనిషి చెయ్యి పెట్టకుండ 24 గంటల్ల చిప్ లేఅవుట్ రావాలన్నది టార్గెట్. దాని చుట్టు ఈఫ్యాబ్లెస్ అనే కంపెనీ చిన్నోళ్ల డిజైన్లని ఒక్క దగ్గర చేర్చి ఫ్యాబ్రికేషన్‌కి పంపే సర్వీస్ నడిపింది. 2025ల పైసలు దొరకక అది మూతపడ్డది. డిజైన్లు ఇచ్చి చిప్పుల కోసం ఎదురుచూస్తున్నోళ్లు మధ్యల చిక్కిన్రు. టూల్స్ మాత్రం ఆగలే, ఎందుకంటే కోడ్ ఆ కంపెనీ గోడల లోపల లేదు, వేరేటోళ్లు అందుకున్నరు.

వీటన్నిట్ల నాకు కనిపించేది ఇది: ఫండింగ్ రాకముందే ఆ టూల్ లేకపోతే పని ఆగిపోయేటోళ్లు ఎవరన్న ఉంటే అది బతుకుతది. రివ్యూవర్లకు చూపించేటందుకే పుట్టిన టూల్ ఎంత మంచి కోడ్ అయినా నిలబడదు.

రెండు దిక్కుల వాదనలు

ప్రజల సొమ్ముతోటి తయారైంది ప్రజలకే అందుబాటుల ఉండాలె అన్నది ఒక వాదన. దీంట్ల బలముంది, ముఖ్యంగ చిన్న కాలేజీలకు, స్టార్టప్‌లకు. ఇంకో దిక్కు నుంచి చిన్న టూల్ కంపెనీలు అడిగేది కూడ సబబే: మేం సొంత పైసలతోటి పదేండ్లు కష్టపడి టూల్ చేసుకున్నం, గవర్నమెంట్ గ్రాంట్‌తోటి వచ్చినోళ్లు అదే ఫ్రీగ పెట్టి, మూడేండ్లకు వదిలేసి పోతే, మేమూ మునిగినం, వాడినోళ్లూ మునిగిన్రు. కంపెనీలు తమకు అక్కరలేని పాత టూల్‌ని ఓపెన్ అని పేరు పెట్టి వదిలించుకుంటయి అని కొందరంటరు, అట్ల జరిగిన సందర్భాలూ ఉన్నయి, కపెల్లా లాగ నిజంగ వాడుకుంట తెరిచినవీ ఉన్నయి. సెక్యూరిటీ సంగతికొస్తే, కోడ్ కనబడితే దొంగలకూ కనబడుతదన్న భయం సహజం, కానీ రైలు బ్రేకుల తప్పుని బయటి కండ్లు ముందే పట్టే అవకాశం కూడ అక్కడనే ఉంది. ఓపెన్‌ఈటీసీఎస్ మొదలుపెట్టినోళ్లు నమ్మింది ఈ రెండోదాన్ని.

మన దేశంల ఏం నడుస్తుంది

ఇక్కడ రెండు దార్లు పక్కపక్కన పోతున్నయి. 2022ల కేంద్రం చిప్స్ టు స్టార్టప్ ప్రోగ్రామ్ పెట్టింది, ఐదేండ్లకు 250 కోట్లు, 85 వేలమందికి ట్రైనింగ్ టార్గెట్. దాని కింద కాలేజీలకు చిప్ డిజైన్ టూల్స్ కేంద్ర ప్రభుత్వ రీసెర్చ్ సంస్థ సీడాక్ ద్వారా అందుతయి, అవి ఎక్కువగ పెద్ద కమర్షియల్ కంపెనీలవి. పిల్లగాడికి పైసా ఖర్చు లేదు, ఇండస్ట్రీల వాడే టూలే చేతికొస్తది, ఇది మంచి లాభం. అయితే కాలేజీ దాటినంక ఆ లైసెన్స్ వెంట రాదు. ఇంకో దారి ఓపెన్ సోర్స్ టూల్స్‌ని ప్రోత్సహించే ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్ట్, కేంద్ర విద్యాశాఖ పైసలతోటి నడుస్తది, దాంట్ల ఈసిమ్ అని సర్క్యూట్ డిజైన్ టూల్ ఉంది, కైక్యాడ్‌ని, ఎన్‌జీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్‌ని కలిపి కట్టింది. అంత పెద్ద చిప్పులకు అది సరిపోదు, కానీ ఇంట్ల పాత ల్యాప్‌టాప్ మీద ఎన్నేండ్లైనా ఉంటది. 2022 ఏప్రిల్ల మొదలైన డీఐఆర్-ఫైవ్ ప్రోగ్రామ్ శక్తి, సీడాక్ వేగా ప్రాసెసర్లని ముందుకు తీసుకపోయేటందుకు పెట్టింది.

మన దగ్గర తక్కువ కనిపించేది కంపెనీ, కాలేజీ, వాడేటోడు ముగ్గురూ ఒక్క కాగితం మీద సంతకం పెట్టి మూడేండ్లు కలిసి టూల్ చేసుడు. ఒక సంస్థకు గ్రాంట్ ఇచ్చి అక్కడనే చేయించుడు ఎక్కువ. మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ ముగ్గురూ ఒకే ఆర్‌డీఎస్‌ఓ స్పెక్‌ని విడివిడిగ చదివి విడివిడిగ టెస్టులు రాసుకోవాల్సి వచ్చే చోట, ఆ టెస్టుల వరకన్నా ఉమ్మడి ఓపెన్ టూల్ ఉంటే పని తగ్గుతదా అన్నది నిజంగ ఆలోచించదగ్గ ప్రశ్న. టీ2 రకం టూల్ కాబట్టి కాగితాల బరువు కంపైలరంత ఉండదు, ఎవరి ప్రొడక్ట్ రహస్యమూ బయట పడదు, బాష్ వాళ్లు టూల్ తోటి కారు అమ్ముడుపోదని చేసిన లెక్క ఇక్కడ కూడ పనికొస్తది. కానీ దాన్ని ప్రాజెక్ట్ అయిపోయినంక ఎవరు చూస్కుంటరు అన్నది ముందే తేల్చుకోవాలె, ఆర్‌డీఎస్‌ఓనా, ఒక యూనివర్సిటీనా, మూడు కంపెనీలు కలిసి జీతమిచ్చే ఇద్దరు ఇంజనీర్లా.

ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులల్లకు బయటి నుంచి పోయేటందుకు మాత్రం కన్సార్టియంల ఉండాల్సిన అవసరం లేదు. జెఫిర్‌ల ప్రతి మార్పు కింద రాసినోళ్లు తమ పేరుతోటి సైన్-ఆఫ్ లైన్ పెట్టాలె, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని దానర్థం. ఎక్లిప్స్‌ల అయితే ముందు ఒక కాంట్రిబ్యూటర్ అగ్రిమెంట్ మీద సంతకం చేయాలె, అది ఆన్‌లైన్లనే అయితది. మడికొండ ఐటీ పార్క్‌ల గానీ హైదరాబాద్‌ల గానీ ఉద్యోగం చేసేటోళ్లకు ఆ సైన్-ఆఫ్ అంత సులువు కాదు, ఎందుకంటే చాలా ఉద్యోగ ఒప్పందాలల్ల వాళ్లు రాసిన కోడ్ కంపెనీదే అని ఉంటది, ముందు కంపెనీ నుంచి రాతపూర్వకంగ అనుమతి రావాలె. చదువుకునే పిల్లలకు సాధారణంగ ఆ అడ్డం తక్కువ, కాలేజీ ఫండింగ్ ప్రాజెక్టుల పనిచేస్తుంటే తప్ప.